చిన్నత్త దుప్పటి

ఆ ఇంట్లో ఆదివారం అంటే దుప్పట్ల రోజు. పొద్దున్నే బకెట్ల చప్పుడు మొదలవుతుంది, పది గంటలకల్లా మేడమీద తీగల నిండా దుప్పట్లు వేలాడతాయి. సగం ఆరేసరికి వారమంతా వాటి మీద కన్న కలలు బయటికి వస్తాయి. మొదట లేతగా, ఆ తర్వాత కొంచెం ముదురుగా రంగు తేలి, పూర్తిగా ఆరాక ఆనవాలు లేకుండా పోతాయి. అందరిళ్ళలోనూ అంతే కాబట్టి ఎవరికీ అది వింత కాదు. పక్కవాళ్ళ తీగవైపు తేరిపార చూడకపోవడం మాత్రం మర్యాద. ఎదురింటి గుమస్తా దుప్పటి మీద పదేళ్ళుగా ఒకటే సముద్రం. ఆయన భార్య దుప్పటి మీద ఆయన ఒక్కసారైనా కనపడలేదు. ఆ సంగతి వీధంతటికీ తెలుసు, నోరెత్తి అన్నవాళ్ళు లేరు.

ఈ ఇంటి కోడలు దర్జీ. ముందుగదిలోనే కుట్టుమిషను. బడులు తెరిచే రోజుల్లో ఆమెకు ఊపిరి సలపదు. తెల్లచొక్కాలు, ఆ గుట్ట తరిగితే మళ్ళీ తెల్లచొక్కాలు. ఆ రెండు నెలలూ ఇంట్లో తెల్లదారం ముక్కలు అంటుకోని వస్తువు ఉండదు. దువ్వెనలో దారం, కంచంలో దారం, బస్సు నడిపే మొగుడి మీసంలో దారం. ఆమె నడుం వాల్చిందంటే మొద్దునిద్రే, చెవి దగ్గర డప్పు కొట్టినా లేవదు.

మొగుడి పిన్ని ఒకావిడ ఆ ఇంట్లోనే ఉంటుంది. కోడలికి చిన్నత్త. పిల్లాజెల్లా లేని మనిషి. పాప పుట్టినప్పుడు పదిరోజుల సాయానికని చేతిసంచీతో వచ్చి, నాలుగేళ్ళుగా ఉండిపోయింది. పాపకు అన్నం పెట్టేదీ, వెనకగదిలో పక్కన పడుకోబెట్టుకునేదీ ఆవిడే. మిగిలిన పొద్దంతా మేడమీద పూలకుండీలతో గడుపుతుంది. ఎంత తోమినా గోళ్ళల్లో మట్టి మిగిలే ఉంటుంది. తన దుప్పటి తనే ఉతుక్కుని, కుండీల వెనకాల విడిగా ఆరేసుకుంటుంది. ఆవిడ కలలు ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

పాపను అందరూ పిచ్చుక అంటారు. అసలే ఒకచోట నిలిచే రకం కాదు, ఈమధ్య మరీ ఎక్కువైంది. కాళ్ళకింద నిప్పులు పోసినట్టు గెంతుతోందనీ, బల్ల మీద రెండు నిమిషాలు కుదురుగా కూర్చోవడం లేదనీ బడి టీచరు చీటీ పంపింది. అన్నం దగ్గర పేచీ, అస్తమానం వెనక గోక్కోవడం. దాని దుప్పటి మీద ఇదివరకు నిచ్చెనలూ ఏనుగులూ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉండేవి. ఇప్పుడన్నీ కత్తిరించి పారేసిన పీలికల్లా తయారయ్యాయి. ఏనుగు చెవి ఒకచోట, నిచ్చెన మెట్టు ఇంకోచోట. ఎండలకి వేడి చేసి ఉంటుందిలే అనుకుంది కోడలు. పిల్ల లోదుస్తుల మీద సన్నటి తెల్లముక్కలు రెండుమూడుసార్లు కనపడ్డాయి కూడా. తన దారమే అనుకుని దులిపేసింది.

గురువారం పొద్దున పిచ్చుకకి స్నానానికి బట్టలు విప్పుతుంటే మళ్ళీ ఒక ముక్క కనపడింది. దులపబోయింది. దారం కదిలింది.

అసహ్యం, భయం, ఇన్నాళ్ళూ చూసీ చూడలేదన్న సిగ్గు, అన్నీ కలిసి ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. చిన్నత్త అప్పుడే కుండీల దగ్గర నుంచి దిగి వస్తోంది. కోడలి చూపు ఆవిడ గోళ్ళ మీద పడింది.

"ఆ మట్టిచేతులతోనేగా దానికి అన్నం పెడుతున్నారు," అంది.

చిన్నత్త తన చేతులు చూసుకుంది. కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు కడుక్కుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. కోడలు అంతటితో ఆగితే బాగుండేది. ఆ కోపంలోనే, వేరే ఇంట్లో ఉంటున్న మొగుడి అన్నకి, అదే బావగారికి, ఫోన్ చేసి, చిన్నత్తను కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంచుకోండి అని చెప్పింది. ఆదివారం సాయంత్రం వస్తానన్నాడాయన. ఆయన ఇంట్లో సామాన్ల గది ఒకటుంది. ఇంతకుముందు చిన్నత్త అక్క, అంటే కోడలి సొంత అత్తగారు కూడా, అక్కడికి కొన్నాళ్ళనే వెళ్ళింది, ఆ గదిలోనే పోయింది. కొన్నాళ్ళు అంటే అర్థం ఏమిటో అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు. చిన్నత్త ఆ మధ్యాహ్నమే సంచీ సర్దుకుంది.

సాయంత్రం డాక్టరమ్మ పిల్లను చూసి, కోడలు చెప్పిందంతా విని, నులిపురుగులేనంది. పిల్లలకు ఇది జలుబంత మామూలు. రాత్రిళ్ళు బయటికి వచ్చి గుడ్లు పెడతాయి, దురద అందుకే. గోక్కున్న వేళ్ళు నోట్లోకి పోతే కథ మళ్ళీ మొదటికి. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒకే రోజు మాత్ర వేసుకోవాలి, రెండు వారాల తర్వాత మరోసారి వేసుకోవాలి. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి, పొద్దున లేవగానే స్నానం చేయించాలి, దుప్పట్లూ తువ్వాళ్ళూ అన్నీ వేడినీళ్ళలో ఉతకాలి.

"మట్టి వల్ల కూడా వస్తాయా డాక్టరుగారూ?" అని గొంతు తగ్గించి అడిగింది కోడలు.

"ఇవి మట్టివి కావమ్మా. బడిలో ఒకరి చేతుల నుంచి ఒకరికి వస్తాయి. ఎంత శుభ్రమైన ఇంటికైనా వస్తాయి. ఎవరినీ ఏమీ అనకండి. ఇంతకీ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం," అంది కోడలు. అంతలోనే నలుగురం అని దిద్దుకుంది.

బావగారికి మళ్ళీ ఫోన్ చేసి వద్దనచ్చు. రోజూ అనుకుంది, రోజూ మిషను తొక్కుతూ కూర్చుంది. తప్పు తనదని తెలిశాక మనిషికి నోరు ఇంకా పెగలదు కాబోలు. చిన్నత్త మాత్ర ఇస్తే వేసుకుంది, గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. రాత్రి ఎప్పటిలాగే పిల్లను తీసుకుని వెనకగదిలోకి పోయింది.

ఆదివారం కోడలు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పోగేసి వేడినీళ్ళలో వేసింది. చిన్నత్త వద్దంటున్నా ఆవిడదీ లాక్కుంది. ఎండ బాగా కాస్తోంది. కాసేపటికి మొగుడి దుప్పటి మీద డ్రైవరు లేని బస్సొకటి తనంతట తనే వెళ్ళిపోతూ కనపడింది. ఆమె దుప్పటి నిండా చొక్కా కాలర్లు. పిచ్చుక దుప్పటి మీద పీలికలే, కాకపోతే ఈసారి ఏనుగుకి తొండం కూడా వచ్చింది.

చిన్నత్త దుప్పటి మీద ఏమీ రాలేదు.

తిరగేసి ఆరేశానేమో అనుకుని అటు తిప్పి చూసింది. నీళ్ళు చిలకరించి మళ్ళీ ఆరనిచ్చింది. తెల్లచొక్కా గుడ్డలా తెల్లగా ఉంది. కల రానివాళ్ళు లోకంలో ఉండరు. నెలల పిల్లల పక్కగుడ్డల మీద కూడా పాలమరకంత కలైనా కనిపిస్తుంది. దుప్పటి అలా ఉందంటే దాని మీద ఎవరూ నిద్రపోలేదని అర్థం.

తీగ కింద ఆడుకుంటున్న పిచ్చుకను దగ్గరికి పిలిచింది. "నానమ్మ రాత్రిళ్ళు ఎప్పుడు పడుకుంటుందే?"

"పడుకోదుగా," అంది పిచ్చుక. "నా చేతులు పట్టుకుని కూర్చుంటుంది. నేను గోక్కోకుండా. కథ చెబుతుంది, నాకు నిద్రొచ్చేస్తుంది. మళ్ళీ లేస్తే మళ్ళీ చెబుతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

పిచ్చుకకు వారాల లెక్క రాదు. చాలా కథల నుంచి అంది.

కోడలు అక్కడే తడినేల మీద కూర్చుంది. పక్కగదిలో పిల్ల మెలికలు తిరిగిపోతుంటే తల్లి గుర్రుపెట్టి పడుకుంది, చేతులు కాపలా కాసిన మనిషికి మట్టిచేతులని పేరు పెట్టింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

కిందికి వెళ్ళేసరికి చిన్నత్త మంచం చివర కూర్చుని ఉంది. సంచీ కాళ్ళ దగ్గర ఉంది. కళ్ళకింద నల్లగా గుంటలు పడ్డాయి. నాలుగు రోజులుగా ఆ మొహంవైపు చూడలేకపోయింది కాబట్టి ఇప్పుడే కనపడ్డాయి.

"తప్పు నాదే అత్తయ్యా," అంది. "నేనే చూశాను, దారం అనుకుని దులిపేశాను. నాకెందుకు చెప్పలేదు మీరు?"

"ఏం చెప్పనమ్మాయ్. మిషను మీదే కునికిపాట్లు పడుతుంటివి. నా బోటిదానికి నిద్ర లేకపోతే కొంపేం మునుగుతుంది?"

కోడలు మేడమీదికి వెళ్ళి ఆరిన ఆ తెల్లదుప్పటి తెచ్చి, మంచం మీద ముడత లేకుండా పరిచి, ఆవిడ భుజాలు పట్టుకుని పడుకోబెట్టింది. రాత్రి పిల్ల తన దగ్గరే పడుకుంటుందని చెప్పింది. బావగారు వచ్చే వేళయిందని చిన్నత్త ఏదో గొణిగింది. ఆ మాట పూర్తి కాకుండానే నిద్రపోయింది.

అయిదింటికి బావగారు వచ్చాడు. కోడలు గుమ్మంలోనే ఎదురెళ్ళి, చిన్నత్త పడుకున్నారని చెప్పింది.

"లేపమ్మా. చీకటి పడకుండా వెళ్ళాలి."

"లేపను బావగారూ. ఆవిడ కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

"మరెప్పుడు లేస్తుంది?"

"తెలీదు. ఎప్పుడు లేచినా ఇక్కడే లేస్తారు."

ఆయన తలుపు సందులోంచి లోపలికి చూశాడు. చిన్నత్త నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండూ బార్లా చాపి నిద్రపోతోంది. ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు.