పెద్దకోడలి చిగుళ్ళు

పెద్దకోడలు గుడ్డ కత్తిరిస్తుంది, చిన్నకోడలు మిషన్ తొక్కుతుంది. అత్తగారు పోతూ పోతూ ఆ కుట్టు దుకాణాన్ని ఇద్దరికీ కలిపి వదిలి వెళ్ళింది. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. అయినా ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పొద్దస్తమానం కూర్చోక తప్పదు.

ఆ ఏడు పెద్దకోడలికి చిగుళ్ళు ఉబ్బడం మొదలైంది. ముందుపళ్ళ సందుల్లో చిన్న బుడిపెల్లా లేచి, తర్వాత పళ్ళను సగానికి సగం కప్పేశాయి. బ్రష్ తగిలితే చాలు, నెత్తురు. నోరు వాసన కొడుతున్న సంగతి ఆమెకే తెలుస్తోంది. కొలతలు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది.

చిన్నకోడలు ఊరుకుంటుందా? "అక్కా, కాస్త అటు తిరిగి మాట్లాడు, పాపం ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయి" అంది ఓ రోజు, కొలతలిస్తున్న మనిషి ఎదురుగానే.

ఆ వారంలోనే ఇంకో గొడవ. పెద్దకోడలు తెల్లటి పట్టు జాకెట్టుకి హుక్కులు కుట్టి, అలవాటుకొద్దీ దారాన్ని పంటితో తెంపింది. గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. చిన్నకోడలు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి వీధి వినేలా అరిచింది.

"పళ్ళు తోముకోవడం కూడా నేర్పలేదా మీ అమ్మ? ఈ నోరు పెట్టుకుని కొట్టుకెందుకు రావడం, ఇంట్లో కూర్చోరాదూ!"

"మా అమ్మ జోలికొచ్చావంటే నాలుక కోస్తా" అంది పెద్దకోడలు. కత్తెర చేతిలోనే ఉంది. చిన్నకోడలు ఓ అడుగు వెనక్కి వేసింది గానీ నోరు మాత్రం మూయలేదు.

పెద్దకోడలు పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే ఏమీ లేవంది. నిజానికి రోజూ బీపీ మాత్ర మింగుతోంది. కానీ అక్కడ చీటీలు రాసే పిల్ల చిన్నకోడలి స్నేహితురాలు. సంగతి తెలిస్తే చిన్నకోడలు జబ్బుమనిషివంటూ కొట్టు మొత్తం లాక్కుంటుందేమోనని పెద్దకోడలి భయం. డాక్టరమ్మ పళ్ళ మీది గార తీసి పంపింది. కొన్నాళ్ళకే చిగుళ్ళు మళ్ళీ పొంగాయి.

రెండోసారి భర్త కూడా వెంట వచ్చాడు. డాక్టరమ్మ మందుల మాట ఎత్తగానే, "పొద్దున్నే వేసుకుంటావే, ఆ బీపీ మాత్ర గురించి చెప్పలేదా?" అనేశాడు.

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. "అడిగితే లేవన్నారుగా! కొన్ని రకాల బీపీ మాత్రలు కొందరికి చిగుళ్ళు పెంచేస్తాయి. ఆ ఉబ్బు కిందికి బ్రష్ చేరక ఇంకా పెరుగుతాయి."

"అయితే ఇవాళే పారేస్తా."

"పారేసి పక్షవాతం తెచ్చుకుంటారా? మీ అంతట మీరు ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరు చేతే మార్పించుకోండి."

పెద్దకోడలు నేరుగా ఆ బీపీ డాక్టరు దగ్గరికే వెళ్ళి నిలదీసింది. "ముందే ఓ మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"అందరికీ అలా కాదమ్మా."

"నాకయింది."

ఆయన వేరే మాత్ర రాశాడు. నెలలు గడిచేకొద్దీ చిగుళ్ళు తగ్గాయి. మొండిగా మిగిలిన కాస్త కండని డాక్టరమ్మ కోసి తీసేసింది.

ఈలోగా చీటీల పిల్ల ద్వారా కబురు కొట్టుకి చేరనే చేరింది. "బీపీ దాచావన్నమాట. రేపు కత్తెర పట్టుకుని విరుచుకుపడితే నా ప్రాణానికొస్తుంది" అంది చిన్నకోడలు.

"వీధిలో నా పరువు తీశావు. అది నా అశుభ్రం కాదు, మాత్ర వల్ల."

"ఏదైతేనేం, కంపు కంపేగా!"

పొరపాటైందక్కా అని ఒక్క ముక్క అని ఉంటే పెద్దకోడలు అక్కడితో వదిలేసేది. ఆ సాయంత్రమే కత్తిరింపు బల్ల మోయించుకుని తన ఇంటి ముందుగదిలో వేసుకుంది.

కత్తిరింపు చేతకాని చిన్నకోడలు ఎవరిదో పెళ్ళిగుడ్డ పాడుచేసి, ఓ మధ్యాహ్నం పెద్దకోడలి గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, ఒక్కసారి చూడవూ?"

పెద్దకోడలు గుడ్డ విప్పి చూసింది. చంక దగ్గర చిన్న ముక్క అతికితే సరిపోతుంది.

"ఇది బాగుపడదు" అని గుడ్డ చేతిలో పెట్టి తలుపు వేసేసింది. ఆ రోజంతా ఆమెకి ఏ పనీ సాగలేదు.