మంచినీళ్ళతో మొదలయ్యే మందు

ఉప్పుమడుల గట్టు మీది పందిరి ఈదురుగాలికి లేచిపోయిన రోజున ఎవరూ పెద్దగా బాధపడలేదు. నాలుగు రాటలు, పైన రేకులు, అంతే గదా అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం డబ్బాలు పట్టుకుని కూర్చునే చోటు కోసం వెతుక్కున్నప్పుడు గాని పోయిందేమిటో తెలియలేదు.

ఆ రాటలు పాతిన మనిషి అంతకు ముందు ఏడే కన్నుమూశాడు. అతని భార్యను మడుల్లో అందరూ మందులత్త అంటారు. వంకరపోయిన రేకుల వైపు ఆమె ఒకసారి చూసి, పార అందుకుంది.

"కొత్తది వేయిస్తాలే," అన్నాడు మేస్త్రీ. ఎండలు ముదిరాయి. ఆయన మాట మాటగానే ఉండిపోయింది.

ఉప్పుమడిలో ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ కొడుతుంది. కష్టం చేసే ఒంటికి ఎండ ఒక లెక్కా అనే పెద్దమనుషులు ఒక్క పూట ఆ గట్టు మీద నిలబడి చూడాలి. ఒకనాటి సాయంత్రం మందులత్త కోడలు మెడ వంచలేక ఇల్లు చేరింది. మెడా భుజాలూ కందిపోయి ఉన్నాయి.

"బట్ట తగిల్తే ప్రాణం పోతోందత్తా. డబ్బాలో కలబంద పట్టుకెళ్ళి మధ్యాహ్నం రాసుకున్నా. ఇంకా మండింది."

"ఉప్పు కడుక్కున్నావా?"

"మంచినీళ్ళేవీ అక్కడ?"

"ఉప్పు మీదే రాశావా? నిన్ను నువ్వే ఊరేసుకున్నావే పిచ్చిపిల్లా!"

కోడలు నవ్వబోయి, భుజం కదిలి, కెవ్వుమంది. అత్త చల్లని నీళ్ళు నెమ్మదిగా పోసింది. కలబంద మట్ట కోసి, పసుపుపచ్చని జిగురు కారిపోయేదాకా నిలబెట్టి, కడిగి, లోపలి గుజ్జు మాత్రం తీసింది. కీరదోస రసం కలిపి పలుచగా రాసింది. "బొబ్బలు లేచినా, జ్వరం తగిలినా ఇది పనిచెయ్యదు. డాక్టరు దగ్గరికే పోవాలి," అంది.

కోడలికి మంట తగ్గిందని తెలిసి ఇరుగుపొరుగు వచ్చారు. కొద్దిరోజుల్లో మందులత్త గడప మీద సాయంత్రాలు కాలు పెట్టే సందు లేకుండా పోయింది. పెరట్లో కలబంద మొక్కలు బోసిపోయాయి. అయినా ఆమె ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదు.

ఆ సంగతి మేస్త్రీ చెవిన పడింది. సంబరంగా వచ్చాడు.

"అత్తా, నీ పేరు అయ్యగారి దాకా పోయింది! రేపు ఆయనే వస్తున్నారు. గట్టు మీద అందరి ముందూ మందు చేసి చూపించు. ఫోటో తీయిస్తారట. ఇంత మంచి మందుండగా ఇక పందిరి వెయ్యమనే గొడవ కూడా ఉండదు."

గుజ్జు తీస్తున్న కత్తి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తాను మంట చల్లారుస్తున్నాననుకుంది. ఆ చల్లదనం చూపించి, తన మనుషుల్ని మళ్ళీ అదే ఎండలో నిలబెట్టబోతున్నారు.

మేస్త్రీ వెళ్ళాక, "వెళ్ళకత్తా," అంది కోడలు.

"పిలిచి మరీ చెప్పమంటుంటే వెళ్ళకపోవడమేం? చెప్పే వస్తా."

మర్నాడు యజమాని గొడుగు కింద నిలబడ్డాడు. చుట్టూ పనివాళ్ళు. మందులత్త మట్టలు గట్టు మీద పరిచింది.

"ముందు ఒంటి మీది ఉప్పు పోయేదాకా మంచినీళ్ళు పొయ్యాలి. నీళ్ళిప్పించండయ్యా."

యజమాని మేస్త్రీ వైపు చూశాడు. "ఇక్కడ... ఉప్పునీళ్ళేనండీ," అని నసిగాడు మేస్త్రీ.

"సరే, కడిగామనుకుందాం. మందు రాశాక నీడపట్టున కూర్చోబెట్టాలి. ఎక్కడ కూర్చోబెట్టను?"

"అయ్యగారి గొడుగు కిందత్తా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గట్టంతా నవ్వింది.

యజమాని ముఖం మాడ్చుకున్నాడు. "మందు చెప్పడానికొచ్చావా, తగువు పెట్టడానికొచ్చావా?"

"మందే చెబుతున్నానయ్యా. నీళ్ళూ నీడా లేకుండా ఈ మందు లేదు. కాలిన ఒంటికి నేను చేయగలిగింది చేస్తా. అసలు కాలకుండా చూడ్డం మీ పని. నా కలబంద చూపించి మీరు నీడ ఎగ్గొడతానంటే ఒక్క మట్ట కూడా ఇక్కడికి రాదు. నా గడప తొక్కిన వాళ్ళకి ఓపికున్నంత కాలం చేస్తా. మీ ఫోటో కోసం మాత్రం చెయ్యను."

ఆమె గొంతు పెంచలేదు. మట్టలు గుడ్డలో చుట్టుకుంది. ఒక పార గట్టు మీద వాలింది. దాని పక్కన ఇంకొకటి, తర్వాత చాలా.

"పని ఆపమని ఎవడు చెప్పాడు?" మేస్త్రీ అరిచాడు.

"ఎండ చెప్పింది మేస్త్రీగారూ," అంది కోడలు.

ఆనాడు ఫోటో తీయలేదు, ఉప్పు కుప్పకెక్కలేదు. ఆ వారంలోనే గట్టు మీదికి మంచినీళ్ళ ట్యాంకు వచ్చింది. నడి మధ్యాహ్నం పారలు పట్టేది లేదని పనివాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడ్డారు, ఈనాటికీ నిలబడే ఉన్నారు. గాయానికి మందుంది గదా అని గాయం చేసే హక్కు ఎవరికీ రాదు. ఇది ఆ మడుల్లో ఇప్పుడు అందరికీ తెలుసు.

పందిరి ఇంకా వెయ్యలేదు.