రోజుకో మాట, మాటకో ఫోను

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ మాత్రం కీడెంచడం దగ్గరే ఆగిపోయేది. మేలెంచడానికి తీరికెక్కడిది? పాలు పొంగితే ఇల్లు తగలబడ్డట్టే, ఎవరైనా తుమ్మితే ఊపిరితిత్తులు పోయినట్టే. అలాంటి మనిషి కడుపున పుట్టిన ఒక్కగానొక్క కూతురు, లోకంలో ఇంకే ఉద్యోగమూ లేనట్టు, లిఫ్టులు బాగుచేసే పనిలో చేరింది. చీకటి గొయ్యిలో, ఇనుప తాళ్ల మధ్య, నడుముకి బెల్టు కట్టుకుని వేలాడే పని.

ఇంకేముంది, ఫోన్లే ఫోన్లు. చేరావా? ఎక్కావా? బెల్టు పెట్టుకున్నావా? పెట్టుకున్న బెల్టు లాగి చూశావా? ఒకరోజు పిల్ల గొయ్యిలో ఉండగా జేబులో ఫోను మోగింది. ఉలిక్కిపడ్డ చేతిలోంచి స్పానరు జారి, అంతస్తులన్నీ దిగి, అడుగున ఠంగుమంది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మేస్త్రి మాత్రం, "ఇంకోసారి మోగిందంటే ఫోనూ నువ్వూ ఇంటికే" అన్నాడు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికొస్తూనే షరతు పెట్టింది.

"అమ్మా, ఇకనుంచి రోజుకి ఒక్కటే ఫోను. అదీ నేను అన్నం తినే వేళకి. ఊరికే కాదు, నాకు తెలీని ఇంగ్లీషు మాట ఒకటి చెప్పాలి. చెప్పావా, ఎన్ని భయాలైనా పడు, వింటా. నాకు తెలిసిన మాటైందా, కట్."

"నాకు ఇంగ్లీషెక్కడ వచ్చే? ఏడుతో బడి మానేసినదాన్ని!"

"అందుకేగా ఈ షరతు," అని కిలకిలా నవ్వింది కూతురు. పేపర్లో ఇంగ్లీషు గళ్లనుడిని పెన్సిలుతో కాదు, పెన్నుతో నింపే పిల్ల అది.

మొదటి రోజు ఆవిడ గుండె చిక్కబట్టుకుని, "ఎమర్జెన్సీ" అంది. కట్. మర్నాడు మందుల షాపతన్ని బతిమాలి "ఇన్‌ఫ్లమేషన్" తెచ్చుకుంది. కట్. పిల్ల బెల్టు సంగతి అడక్కుండానే రెండు రోజులు గడిచేసరికి ఆవిడకి ముద్ద దిగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, వాషింగ్ మెషీన్ కింద ఉన్న డిక్షనరీ.

పెళ్లయిన కొత్తలో, రోజుకో మాట నేర్చుకుని దొరలా మాట్లాడాలని భర్త కొన్నది. రెండో పేజీ దాటకముందే పిల్ల పుట్టింది. పిల్ల తరువాత మెషీన్ వచ్చింది. మెషీన్ కాలొకటి పొట్టిది.

"దాన్ని లాగావంటే మెషీన్ నడుస్తుంది," అన్నాడాయన. తాళంచెవులు చేసే కొట్టు మూసి అప్పుడే భోజనానికి వచ్చాడు.

"నడవనీండి. కూతురు గాల్లో వేలాడుతుంటే మెషీన్ నడిస్తే ఏం పోయింది?"

ఆ మధ్యాహ్నం బట్టలు తిరుగుతున్నంతసేపూ మెషీన్ వంటింటి గుమ్మం దాకా షికారు చేసింది. ఆవిడ తలెత్తలేదు. మర్నాడు ఫోను చేసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది.

"బోర్బోరిగ్మస్."

"ఏంటి?"

"ఆకలేస్తే కడుపులో గుడగుడమంటుందే, అది. తెలుసా?"

అవతల స్పీకర్లో వింటున్న మేస్త్రి పగలబడి నవ్వడం వినిపించింది. "తెలీదు," అంది కూతురు.

"అయితే కూర్చో. పొద్దున ఏం తిన్నావ్? ఆ గుడగుడ నీకుందా? బెల్టు లాగి చూశావా?"

మర్నాడు 'ఎగ్లెట్'. బూటు తాడు చివర ఉండే ప్లాస్టిక్ గొట్టం. అది ఊడితే తాడు విడుతుంది, తాడు విడితే కాలు జారుతుంది, కాలు జారితే... అక్కడిదాకా కూతురు విని తీరాల్సివచ్చింది. ఆ తరువాతి రోజు 'డెఫెనెస్ట్రేషన్' అంటే మాత్రం, "తెలుసు, మనిషిని కిటికీలోంచి విసిరెయ్యడం," అని కట్ చేసింది.

"దానికో మాటే పుట్టిందంటే ఎంతమందిని విసిరేసుంటారండీ!" అని మధ్యాహ్నమంతా వాపోయింది ఆవిడ. కిటికీ దగ్గర కూర్చున్న భర్త మెల్లగా కుర్చీ ఇవతలికి జరుపుకున్నాడు.

ఆ మర్నాడు ఆవిడ ఎంతో నమ్మకంతో 'గ్రోక్' అంది. "తెలుసు" అని పిల్ల ఠక్కున పెట్టేసింది. అరగంటకి మేస్త్రి ఫోను.

"అమ్మగారూ, చాడీలు చెప్పడం నా అలవాటు కాదు. కానీ మీరు గెలిస్తే టీ ఖర్చు మీ అమ్మాయిది, ఓడితే నాది అని మా ఇద్దరికీ పందెం. ఫోను పెట్టేసి 'గ్రోక్ అంటే ఏంటి మేస్త్రీ' అని నన్నే అడిగిందండీ! ఇంతకీ ఏంటది?"

"పక్కవాడు తింటుంటే, పెడతాడేమోనని నోట్లోకి చూస్తూ నిలబడ్డం."

"ఓహో! మా వాచ్‌మన్ రోజూ చేసేది అదేనన్నమాట!"

ఫోను పెట్టేసి ఆవిడ డిక్షనరీ టప్పున మూసింది. తెలిసి కట్ చేస్తే సరే. తెలీకుండా తెలుసనడమా? ఉన్న ఒక్క ఫోనూ కాజెయ్యడమా?

"రేపు చెయ్యకు," అన్నాడు భర్త. "ఒక్కరోజు అదే అనుకోనీ, అమ్మకేమైందోనని."

చెయ్యకుండా ఉండటం చెప్పినంత సులువా? మర్నాడు భోజనాల వేళకి చేతులు ఊరుకోవని ఫోను పిండి డబ్బాలో పాతిపెట్టి, మూత బిగించి, దానికెదురుగా కాపలా కూర్చుంది. వేళ దాటింది. డబ్బాలో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

"పడిపోయిందేమోనండీ!"

"పడిపోయినవాళ్లు అన్నిసార్లు ఫోను చెయ్యరే."

అదీ నిజమే అనిపించింది. మూత మీద పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు. కాసేపటికి తలుపు దబదబా మోగింది.

"అమ్మా! అమ్మా!"

ఆవిడ పరుగెత్తింది. గొలుసు తియ్యకుండా జానెడు తలుపు తెరిచింది. నెత్తి మీద హెల్మెట్టు, నడుముకి బెల్టు, ముఖాన చెమటతో కూతురు. వెనక ఆయాసపడుతూ మేస్త్రి. పిల్ల కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయని చూసుకున్నాక ఆవిడకి ధైర్యం వచ్చింది.

"కొత్త మాట చెప్పు," అంది.

"ఏంటీ?"

"రూలు రూలే. పోనీ గ్రోక్‌కి అర్థం చెప్పు. తెలుసన్నావుగా."

కూతురు వెనక్కి తిరిగి మేస్త్రి వంక చూసింది. మేస్త్రి పైకప్పు వంక చూశాడు.

"తెలీదమ్మా," అంది చివరికి. "నిన్న పని మిగిలిపోయింది. నువ్వు మొదలెడితే గంటవుతుందని అబద్ధమాడాను."

"పనుందని ఒక్క ముక్క చెప్తే బెల్టు ఒక్కటే అడిగి పెట్టేసేదాన్నిగా!"

"సరే, తప్పే. నువ్వు ఫోనెత్తకపోతే దారంతా నాకెలా ఉందో తెలుసా? గ్యాస్ లీకైందనుకున్నాను. మెట్ల మీంచి పడ్డావనుకున్నాను. కరెంటు కొట్టిందనుకున్నాను..."

ఆవిడ ముఖం విప్పారింది. "బాత్రూంలో జారిపడ్డాననుకోలేదా?"

"అదీ అనుకున్నా."

"నా కూతురివే," అని గొలుసు తీసింది.

లోపల మెషీన్ మళ్లీ గుమ్మం దాకా వచ్చి ఆయాసపడుతోంది. కూతురు దాన్ని వెనక్కి నెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి స్పానరు తీసి పొట్టి కాలుని నాలుగు తిప్పులు తిప్పింది. మెషీన్ కుదురుగా నిలబడింది.

"తిప్పితే పొడుగవుతుందా అది?" అన్నాడు తండ్రి నోరెళ్లబెట్టి.

"ఇన్నేళ్లూ దీనికి పుస్తకంతో పనే లేదు నాన్నా," అని కూతురు డిక్షనరీ తీసి అమ్మ చేతిలో పెట్టింది. "ఇక నీదే. రేపు మామూలు వేళకి చెయ్యి. అబద్ధమాడను."

మేస్త్రి గొంతు తగ్గించి, "రేపటి మాటేదో ముందే చెవిలో వేస్తే..." అనబోయాడు. కూతురు అతన్ని చొక్కా పట్టుకుని మెట్ల దాకా లాక్కుపోయింది.

తలుపేసిందో లేదో, పిండి డబ్బాలో ఫోను మోగింది. ఆవిడ తవ్వి తీసి చెవిన పెట్టుకుంది.

"అమ్మా, గొలుసు మళ్లీ పెట్టుకున్నావా?"

"కొత్త మాట?"

"అమ్మా!"

కట్. చెవినంటిన పిండి తుడుచుకుంటూ వెళ్లి, ఆవిడ గొలుసు లాగి చూసుకుంది.