రెడ్డెమ్మ ఎంచిన గింజలు

కువైట్‌లోని షుఐబాలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో రెడ్డెమ్మ, ఆమె భర్త బాలసుబ్బయ్య వంట చేసేవారు. అక్కడ మద్యం నిషేధం కాబట్టి ఇంజనీరు చాటుగా ఇంట్లోనే బీరు కాచుకునేవాడు. ఆసారి జలుబు చేసి అతనికి వాసన తెలియలేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ రెండు రకాలు, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ అనే ఎండుపూలు రెండు రకాలు రెడ్డెమ్మ ముందు పెట్టి ఎంచమన్నాడు.

నల్లటి గింజలు నమిలితే మాడిన పేలాల్లా ఉన్నాయి. లేతరంగువి తియ్యగా ఉన్నాయి. పూలు నలిపితే ఒకటి ఎండుగడ్డి వాసన, ఇంకొకటి నిమ్మతొక్క వాసన వేసింది. తియ్యటి గింజల్నీ, నిమ్మవాసన పూలనీ చూపించింది.

వాటిని కాచి పీపాలో పోసి, పులిసేందుకు ఈస్టు కలిపిన మర్నాడు, నురగ పొంగి పీపా మూత పైకి లేచింది. రెడ్డెమ్మ చెవి ఆనించి భర్తను పిలిచింది.

"ఇట్రాయ్యా, లోపల ఏందో ఊపిరి తీసుకుంటాండాది."

బాలసుబ్బయ్య కూడా విన్నాడు.

"నేను నమిలిన గింజలే గదా," అందామె మెల్లగా. "ఇంత పాణం యాడుండాది ఈటిల్లో?"

పొయ్యిమీద కూర మరిచిపోయి ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయారు.