లోపలి రింగు మీద అక్షరం

కల్వకుర్తి బస్టాండు వెనక సందులో పరమేష్ గది. బయట బోర్డు లేదు. బోర్డు పెడితే సెల్‌ఫోన్లు బాగుచేస్తావా అంటూ జనం వచ్చి ప్రాణం తీస్తారని ఆయన భయం. ఆయన బాగుచేసేవి పాత రీలు కెమెరాలు, సినిమా కెమెరాల లెన్సులు. అవి ఉన్నవాళ్లకు ఆయన ఎక్కడుంటాడో తెలుసు. మిగతా ఊరికి ఆయన అద్దాల పరమేష్, అంతే. కళ్లద్దాలు అమ్ముతాడనుకుని చత్వారం పరీక్ష చేయమని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

మాఘమాసంలో ఒక పొద్దున నిహారిక అనే అమ్మాయి హైదరాబాదు నుంచి కారులో వచ్చింది. సినిమాలకు కెమెరా పట్టే పిల్ల. కొత్త డిజిటల్ కెమెరాలకు పాత లెన్సులు తగిలించి తీయడం ఈమధ్య మోజు. నిన్నమొన్నటిదాకా తుక్కులో పడి ఉన్నవాటికి ఇప్పుడు పల్లకీ సేవలు జరుగుతున్నాయి. ఆమె మెత్తటి గుడ్డ విప్పి ఒక లెన్సును బల్ల మీద పెట్టింది.

"ఫోకస్ రింగు తిరగట్లేదు అంకుల్. గ్రీజు గడ్డకట్టినట్టుంది, మార్చండి చాలు. లోపల అద్దం మీద ఒక గీత ఉంటుంది. దాన్ని మాత్రం ఏం చెయ్యొద్దు. పక్క నుంచి ఎండ పడితే ఆ గీత వల్ల బొమ్మలో సన్నగా బంగారు తీగ వస్తుంది. ఇంకే లెన్సులోనూ రాదు. దానికోసమే కొన్నాను."

పరమేష్ లెన్సును కిటికీ వైపు ఎత్తి పట్టాడు. గోటి కొనంత వంకర గీత. నంబరు చూడనక్కరలేదు, అయినా చూశాడు. అదే.

"ఐతారం నాటికి ఇస్త బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల అంత మురిపెంగా చెప్పిన గీతను ఇంకోసారి చూడలేక లెన్సును గుడ్డలో చుట్టేశాడు.

ఆమె వెళ్లాక తలుపు దగ్గరగా వేసి లెన్సు విప్పాడు. ముందు అద్దం, పేరు పట్టీ, దాని వెనక ఇత్తడి రింగు. రింగు లోపలి వైపు, బయటి కంటికి ఎప్పుడూ కనపడని చోట, సూదిమొనతో గీకిన అక్షరం ఉంది. గు. పక్కన తేదీ, పదకొండు ఫిబ్రవరి ఎనభై నాలుగు. దాని కింద ఇంకో అక్షరం ఉండాలి. లేదు. ఎందుకు లేదో ఈ భూమ్మీద పరమేష్ ఒక్కడికే తెలుసు.

ఎనభై నాలుగులో పరమేష్‌కూ, వరుసకు బావ అయిన గుర్వయ్యకూ ఇరవై రెండేళ్లు. ఇద్దరిదీ దేవరకొండ పక్క ఊరే, గొల్ల ఇండ్ల పిల్లలే. గొర్రెల వెంట తిరగలేక హైదరాబాదు పోయి, సినిమా కెమెరాలు కిరాయికిచ్చే ఒక కంపెనీలో పనికి కుదిరారు. అక్కడి ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టాడు. లెన్సును ఎవరు తెరిచి మూస్తే వాళ్లు లోపలి రింగు మీద తమ పేరు మొదటి అక్షరం, తేదీ గీకాలి. "రేపు తప్పు బయటపడితే అద్దం మాట్లాడదు, అక్షరం మాట్లాడుతది" అనేవాడు.

ఇద్దరిలో మంచి చెయ్యి గుర్వయ్యది. ఆ మాట ఉస్తాద్ నలుగురి ముందే అనేవాడు. చిన్నప్పటి నుంచి ఈనలేని గొర్రెకు పిల్లను లాగిన చేతులవి, ఎక్కడ గట్టిగా పట్టాలో ఎక్కడ వదలాలో వాటికి ఎవరూ చెప్పనక్కరలేదు. పరమేష్ పనిమంతుడే, కానీ కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. ఆ రోజు గుర్వయ్య ఈ లెన్సును శుభ్రం చేసి, మూసి, అక్షరం గీకి అన్నానికి పోయాడు. పరమేష్ దాన్ని వెలుగులో తిప్పి చూస్తే లోపల నలుసంత దుమ్ము కనపడింది. ఎంత సంతోషమో! తెరిచి తుడిచి, ఉస్తాద్‌కు చూపించి, నీ గుర్వయ్య పనితనం ఇదీ అందామనుకున్నాడు. రింగు విప్పే రెండు కొనల స్పానర్ జారింది. అద్దం మీద గోటి కొనంత గీత.

మూసేశాడు. అక్షరం గీకలేదు.

లెన్సు షూటింగుకు పోయింది. రెండు రోజుల రీలు కడిగి చూస్తే ఎండ ఉన్న ప్రతి బొమ్మలోనూ చార. ఓనరు గంతులేస్తూ వచ్చాడు. ఉస్తాద్ అందరి ముందే లెన్సు విప్పి రింగు చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవలసినవాడు తడుముకోలేదు, ఏ పాపం ఎరగనివాడు తడుముకున్నాడు. గుర్వయ్య తన చేతుల వైపు చూసుకుని, "నేనే అయ్యుంట ఉస్తాద్, నాకు యాదికొస్తలేదు" అన్నాడు. సాయంత్రానికి సంచీ సర్దుకుని దేవరకొండ బస్సెక్కాడు.

రేపు చెబుదాం అనుకున్నాడు పరమేష్. ఆ రేపు ముప్పై తొమ్మిదేళ్లు సాగింది. మధ్యలో ఉస్తాద్ కాలం చేశాడు, రీలు పోయి డిజిటల్ వచ్చింది, కంపెనీ మూతపడి లెన్సులు తుక్కుకు పోయాయి, తను కల్వకుర్తి చేరాడు, తెలంగాణ వచ్చింది, జిల్లాలు ముక్కలయ్యాయి. పెళ్లిళ్లలో, చావుల్లో గుర్వయ్య ఎదురుపడి "మంచిగున్నవా పరమేష్" అని అడిగినప్పుడల్లా ఈయన మంచిగనే ఉన్నానని చెప్పి తలపాగాల మధ్య దూరి తప్పించుకునేవాడు. గుర్వయ్యకు ఊరంటేనే ఇష్టమట, వెళ్లిపోవడమే మేలయిందట, అని తనకు తాను చెప్పుకునేవాడు. అబద్ధం ఇంకొకరికి చెప్తే పట్టుబడతాం. మనకు మనం చెప్పుకుంటే పట్టుకునేవాడెవడు?

మరునాడు పొద్దున్నే ఆ ఇత్తడి రింగును రుమాలులో చుట్టి, గీకుడు సూదిని జేబులో పెట్టుకుని దేవరకొండ బస్సెక్కాడు. ఈసారి చెప్పకపోతే ఇక చెప్పడు. అరవై దాటినవాడికి ఎన్ని రేపులు మిగులుతాయి?

గుర్వయ్య ఇల్లు ఊరి చివర, దొడ్డి పక్కన. ఉన్ని కత్తిరించే రోజులు. దొడ్డిలో ఇద్దరు కూలీలు గొర్రెలను పడుకోబెట్టి కత్తెర్లు ఆడిస్తున్నారు. గుర్వయ్య గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఓహో, పట్నం దొర వచ్చిండు! తొవ్వ తప్పినవా ఏంది?" అంటూ లేచాడు. మొహం విప్పారింది. ఆ మొహం చూసి పరమేష్‌కు సగం ధైర్యం పోయింది.

గుర్వయ్య భార్య నర్సింగమ్మ చాయ తెచ్చింది.

"నువ్వు కోస్తలేవా బావా?" అన్నాడు పరమేష్, ఏదో ఒకటి అనాలని.

నర్సింగమ్మ పకపకా నవ్వింది. "ఆయన కత్తెర పడ్తే ఇంకేముంది! గొల్లోని పుట్టుక పుట్టి గొర్రె బొచ్చు కోసెటందుకు కూలోళ్లను పెట్టేటోడు ఈ జిల్లాల ఈయనొక్కడే. నా చేతికి శాపమున్నదంటడు తమ్మీ. లగ్గమైన కాంచి ఇదే పాట. గొర్రె ఈనలేక కొట్టుకున్నా చెయ్యి పెట్టడు, పక్కింటోళ్లను పిలుస్కరమ్మంటడు. ఓసారి ఎవ్వరు దొరకలే. పిల్ల, తల్లి రెండూ పోయినయి. ఈయన పక్కన కూసోని ఏడుస్తాండు గని చెయ్యి మాత్రం పెట్టలే. బిడ్డ కాల్ల ముల్లిరిగితే నన్నే తియ్యమనె."

"జర ఊకో" అన్నాడు గుర్వయ్య నవ్వుతూనే.

చాయ గ్లాసు పరమేష్ చేతిలో చల్లారిపోయింది. ఒక ఉద్యోగం పోగొట్టాననుకున్నాడు ఇన్నాళ్లూ. పోయింది ఉద్యోగం కాదు. ఆ మనిషి చేతులనే ఆయనకు కాకుండా చేశాడు. ఇంకా ఆగితే నోరు మూసుకుపోతుందని, గ్లాసు కింద పెట్టి రుమాలు విప్పాడు.

"బావా, ఆ లెన్సు దొరికింది. గీత నువ్వు పెట్టలే. నేను పెట్టిన. నువ్వు అన్నానికి పోంగ నేను తెరిచిన. అక్షరం గీకలే."

గుర్వయ్య రింగును తీసుకోలేదు. పాత రోజుల్లో బల్ల ముందు కూర్చుని అడిగినట్టే, నెమ్మదిగా అడిగాడు.

"దేంతోని?"

"రెండు కొనల స్పానర్."

"జారిందా?"

"జారింది."

"ఎందుకు తెరిచినవ్?"

పరమేష్ తల వంచాడు. "నీ తప్పు పట్టాల్నని."

"నాకు బాగ యాది ఉండె పరమేష్" అన్నాడు గుర్వయ్య. "మూసినప్పుడు అద్దం సాఫ్‌గ ఉండె. నా చెయ్యి జారినట్టు ఎంత యాది చేస్కున్నా యాదికి రాకపోయేది. గని అక్షరం నాది. అక్షరం అబద్ధమాడ్తదా? అందుకే నా యాదినే నమ్మలే. నా చెయ్యి నాకు తెల్వకుంట తప్పు చేస్తదని భయపడ్డ. ఇన్నేండ్లు భయపడ్డ."

నర్సింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కళ్లలో అప్పటిదాకా ఉన్న నవ్వు ఏమైపోయిందో.

గుర్వయ్య లేచాడు. తిన్నగా దొడ్డిలోకి నడిచి ఒక కూలీ చేతిలోంచి కత్తెర తీసుకున్నాడు. కాళ్లు కట్టి ఉన్న గొర్రె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో చర్మం బిగబట్టి, కుడి చేత్తో కత్తెర ఆడించాడు. ఒకటి, రెండు, మూడు. నల్లటి ఉన్ని మందంగా ఊడి పడింది. పరమేష్ చూస్తున్నాడు. దేవుడా, రానీ, ఆ పాత చెయ్యి తిరిగి రానీ అని మొక్కుకున్నాడు. నాలుగోసారి చెయ్యి వణికింది. గొర్రె ఎగిరిపడింది. తొడ మీద ఎర్రగా చీలింది.

గుర్వయ్య కత్తెర కింద పెట్టాడు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"చూసినవా? చెయ్యి రాదన్నది అప్పుడు అబద్ధమే. ఇప్పుడు నిజంగనే రాదు" అన్నాడు.

నర్సింగమ్మ పసుపు తెచ్చి గాయానికి అద్దింది. పరమేష్ దొడ్డి మట్టిలో కూలబడి బావా, బావా అంటూ గుర్వయ్య కాళ్లు పట్టుకోబోయాడు. గుర్వయ్య కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండును.

"కాళ్లొద్దు, మాఫీ వద్దు. అవి నేనేం చేస్కోను? సూది తెచ్చినవా?"

"తెచ్చిన."

"అయితే గీకు. నా అక్షరం కొట్టెయ్యకు, అది నేను మంచిగ మూసిన దినం. దాని కింద నీది గీకు. తేదీ గూడ అదే ఎయ్యి. రేపు ఎవడన్న తెరిస్తే చదువుకుంటడు."

పరమేష్ గట్టు మీద కూర్చుని కన్నీళ్లు తుడుచుకున్నాడు. రింగును మోకాలి మీద ఆనించి, సూదిమొన పెట్టి, ముప్పై తొమ్మిదేళ్ల కింద గీకవలసిన అక్షరం గీకాడు. ప. పక్కన తేదీ. గుర్వయ్య వంగి ఆయన వేళ్ల వైపే చూస్తున్నాడు.

ఇన్నేళ్లూ రోజూ పని చేసిన చెయ్యి. గీత ఎక్కడా వంకర పోలేదు, మొన ఎక్కడా జారలేదు. ఒక్కసారి వణికితే బాగుండునని పరమేష్ ఎంతో కోరుకున్నాడు. అది వణకలేదు.