తెలిసినవాళ్లు లేని ఊరు

ఉతికి ఆరిన క్రేప్ బ్యాండేజీలను ఒళ్లో వేసుకుని ఆమె ఒక్కొక్కటే చుట్ట చుడుతోంది. క్లినిక్ భర్తది. ఎముకల డాక్టరు. ఈ బ్యాండేజీలు ఉతకడం, చుట్టడం, పొద్దున్నే వెళ్లి కౌంటర్లో కూర్చుని ఫోన్లెత్తడం ఆమె వంతు. "ఇంటి మనిషివి, నీకు జీతమేంటే!" అని అత్తగారు ఒకసారి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తన మీద తానే నవ్వుతున్నానని అప్పట్లో తెలియలేదు.

చేతులు ఆపకుండానే ఇవాళ భర్తతో అంది. "ఈ వేసవిలో నాలుగు రోజులు యూరప్‌లో ఏదైనా ఊరు చూసొస్తానండీ. నేనొక్కదాన్నే."

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పింది. "ఒక్కదానివా? మొగుడు వదిలేశాడనుకుంటారే!"

"వెళ్లనీ అమ్మా. నేను కాదన్నానా? ఊరు ఎంచుకోమను," అన్నాడు భర్త.

ఆయన మెత్తగా మాట్లాడితే ఆమె ఎడమ భుజం దానంతటదే వెనక్కి జరుగుతుంది. కూర మాడిందని ఒకరోజు ఆయన ఆ భుజం కీలు తప్పించి, కాసేపయ్యాక తానే సర్దాడు. ఆయన చేతికి ఎముకలంటే మహా గౌరవం. విరిచినా వంకర రానివ్వడు.

ఆమె వియన్నా అంది. "భేష్! నా క్లాస్‌మేట్ అక్కడే ఉన్నాడు. ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్తాడు, వాళ్లింట్లోనే ఉండొచ్చు," అన్నాడు. రెండు రోజులాగి లిస్బన్ అంది. అక్కడ అత్తగారి ఆడపడుచు కూతురుంది. "దానికి ఇద్దరు చంటిపిల్లలు. నువ్వెళ్తే కాస్త చేదోడుగా ఉంటావు," అంది అత్తగారు సంబరంగా. ప్రేగ్ అంటే ఎప్పుడో ఏదో మీటింగులో కలిసిన సర్జన్ బయటపడ్డాడు. ఆమె వేలు పెట్టిన ప్రతి ఊళ్లోనూ ఆయన మనిషి ఒకడు తలుపు తీసి నిలబడుతున్నాడు. ఇంత పెద్ద లోకాన్ని దేవుడు చేసింది ఈయన స్నేహితుల కోసమేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. అలా అనుకున్నందుకు వెంటనే మనసులో లెంపలు వేసుకుంది. మళ్లీ అదే అనుకుంది. ఆమె చూడాలనుకున్నది కోటలూ కావు, మ్యూజియాలూ కావు. ఒక కుర్చీలో కూర్చోవాలి. వెనకనుంచి అడుగుల చప్పుడు రావాలి. తను తిరిగి చూడాల్సిన పని ఉండకూడదు. అంతే.

ఒక మధ్యాహ్నం కౌంటర్లో పేషెంట్లు పలచబడ్డాక ఫోన్లో లుబ్లియానా అనే చిన్న యూరప్ ఊరు కనిపించింది. ఊరి మధ్యగా సన్నటి నది, ఒడ్డున కుర్చీలు. నడిబొడ్డున కార్లు తిరగవట. ఇంటికొచ్చి చెప్పింది.

"అక్కడ మనకెవరున్నారు?" భర్త ఫోన్లో పేర్లన్నీ పైకీ కిందికీ జరిపాడు. "ఎవరూ లేరే!"

అక్కడ ఊరుకోవాల్సింది. సంతోషం ఊరుకోనివ్వలేదు. "అందుకేనండీ ఆ ఊరు."

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. నాడి చూసేవాడిలా ఆమె కుడిచెయ్యి అందుకున్నాడు. "ఇంకోసారి చెప్పు."

"లుబ్లియానా," అంది.

మెలిపెట్టాడు. తొందరేమీ లేదు, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. ఆపలేదు. లేత బెండకాయ తుంచినట్టు చిన్న చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. ఆమె అరుపు మొదలవగానే టీవీ శబ్దం పెరిగింది. తర్వాత అత్తగారు గిన్నెలో ఐసు తెచ్చిపెట్టి, "మగాడి నోట్లో నోరు పెట్టడం ఎందుకే తల్లీ?" అని నిట్టూర్చింది.

క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే అమ్మాయికి ఆయనే చెప్పాడు. "బాత్‌రూమ్‌లో జారింది."

"మళ్లీనా మేడమ్? ఆ టైల్స్ మార్పించండి సార్."

"మార్పించాలి," అని ఆయన నవ్వాడు. పిండికట్టు శ్రద్ధగా వేశాడు. ఆమె ముక్కు మీద పడిన పిండి చుక్కను తడిగుడ్డతో తుడిచి, "ఇంక ఊళ్ల గోల ఆపుదామా?" అన్నాడు.

మర్నాడు దేవుడి పటం ముందు నిలబడితే రెండు చేతులూ కలవలేదు. ఒంటిచేత్తోనే దండం పెట్టింది. దేవుడు ఒంటిచేతి దండాన్ని కాదనడు, నిజమే. రెండో చెయ్యి ఏమైందని అడగడు కూడా.

"ఫోనెత్తడానికి ఎడమచెయ్యి చాలు," అన్నాడు భర్త. కౌంటర్లో కూర్చుంది. హాలు నిండా జనం. మోకాళ్ల నొప్పికి వచ్చే రిటైర్డ్ టీచరమ్మ కట్టు చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఏమైందమ్మా?"

బాత్‌రూమ్ మాట నాలుక చివర తయారుగానే ఉంది. ఆమె హాల్లోకి చూసింది. వీళ్లంతా విరిగిన చేతులూ కాళ్లూ పట్టుకుని ఆయన దగ్గరికి వస్తున్నారు. తను మాత్రం ఆయన దగ్గర విరిగి, ఆయన దగ్గరికే వచ్చింది.

"డాక్టరుగారు విరిచారండీ," అంది. రోజూ పేషెంట్లను పిలిచే గొంతుతోనే అంది. "నేనొక్కదాన్నే ఊరు వెళ్తానన్నందుకు."

హాల్లో ఒకాయన కట్టున్న తన మోచేతిని రెండో చేత్తో కప్పుకున్నాడు. ఎక్స్‌రే అమ్మాయి గోడకు ఆనుకుని, "నేను... సార్ చెప్పిందే నమ్మాను మేడమ్," అంది.

"నిలబడి చూస్తావేంటమ్మాయ్? ఈమె ఫిల్మ్ ఈమెకి తెచ్చివ్వు," అంది టీచరమ్మ.

లోపలి తలుపు తెరుచుకుంది. "తర్వాతెవరు?" అన్నాడు డాక్టరు. ఎవరూ లేవలేదు. ఆయన హాలంతా చూసి, చివరికి ఆమెను చూశాడు. గొంతు మెత్తబడింది. "లోపలికి రా. మాట్లాడుకుందాం."

ఎడమ భుజం ఎప్పటిలాగే వెనక్కి జరిగింది. భయం ఎక్కడికీ పోలేదు. ఆమె భయంతోనే లేచి, ఆ భుజానికే సంచి తగిలించుకుని, అమ్మాయి తెచ్చిన ఫిల్మ్‌ను చంకలో ఇరికించుకుంది.

"ఎక్కడికి?"

"ముందు పోలీస్ స్టేషన్‌కి," అంది. "ఆ తర్వాత వెళ్లే ఊరు మార్చేశానండీ. ఈసారి దాని పేరు మీకు చెప్పను."