రెండు వేళ్ల సందు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన నాలుగో ఏటికి కొత్త టైర్లు బజారులో కనిపించడం మానేశాయి. హైదరాబాదు యాకుత్‌పురాలో ఖైసర్ బేగం ఇంటి మోటారుకు నాలుగు టైర్లూ అరిగి నూలు తేలాయి. రెండు చక్రాలకు ఊచలు కూడా విరిగాయి. అది ఇద్దరే పట్టే ఇంగ్లీషు రేసు బండి, కొడుకు షఫీఉద్దీన్ ముచ్చటపడి కొన్నది. రేపు తెల్లవారితే దాంట్లోనే తల్లిని బీదరు తీసుకుపోవాలి. అక్కడ కూతురు ఖదీజాకు నెలలు నిండాయి.

మెకానిక్కు దస్తగీర్ పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి రెండు రకాల చక్రాలు తెచ్చాడు. ఇరుసుకు రెండూ సరిపోతాయి. ఒక రకానివి బండికి మొదట ఉన్న కొలతే, సన్నవి, చూపుకు ఆనవు. రెండోవి వెడల్పాటి టైర్లతో, మెరిసే రిమ్ములతో ఉన్నాయి. షఫీ మనసు వాటి మీద పడింది.

దస్తగీర్ వాటినే ఎక్కించాడు కానీ గుండె కుదుటపడలేదు. టైరుకూ పైనున్న మడ్‌గార్డు రేకుకూ మధ్య రెండు వేళ్ల సందే ఉంది. మనుషులు కూర్చుంటే స్ప్రింగులు కుంగుతాయి. ఏ మలుపులోనో రేకు టైరును కోసిందంటే తల్లీకొడుకుల ప్రాణాలకే ముప్పు.

షఫీని సీట్లో కూర్చోబెట్టి చూశాడు. సందు ఒక్క వేలికి తగ్గింది.

"చూసినవా? తగుల్తలేదు గదా!"

"ఇంకో సీటున్నది గదా, ఛోటే సాబ్."

ఆ సీటులో కూర్చునే బేగం బరువెంతో తెలియాలి. పరదాలో ఉండే ఇల్లాలి బరువు అడగడానికి ఏ మగవాడికి నోరొస్తుంది? పదిహేనేళ్లుగా ఆ ఇంటి పని చేస్తున్నా దస్తగీర్ ఆమె ముఖమే ఎరగడు. పక్కనున్న బియ్యం కొట్టు బసవయ్యతో చిన్న సంచులు నాలుగు తెప్పించాడు. మూడు పెడితే షఫీ 'మా అమ్మ గంత ఉంటదా?' అంటాడేమోనని, మర్యాదకు ఒక్క సంచే రెండో సీట్లో పెట్టాడు. స్టీరింగు తిప్పించాడు. తగల్లేదు.

"ఇంకేం ఫికర్?" అన్నాడు షఫీ.

దస్తగీర్ మళ్లీ వంగి సందులో వేలు పెట్టి చూశాడు. ఇంతలో గుమ్మం పరదా వెనక నుంచి గొంతు వినిపించింది.

"దస్తగీర్, ఆ సంచి ఏంది?"

"ఏం లేదు బేగం సాహిబా... గట్లనే."

"నేనేనా అది?"

దస్తగీర్ చెవులు వేడెక్కాయి. బసవయ్య నవ్వాపుకోలేక దగ్గాడు.

"అది నా కాలంత గూడ ఉండదు. పోయిన ఉర్సుకు దర్గాల నిలువెత్తు బెల్లం మొక్కు చెల్లించిన. తూచినోళ్లకు చేతులు పడిపోయినయి. మూడు సంచులు పెట్టు. మూటలున్నయి గద, నాలుగోది గూడ పెట్టు."

"అమ్మీ!" అన్నాడు షఫీ.

"ఏంది అమ్మీ? తొవ్వల టైరు పగిలినంక సిగ్గు పడదామా?"

నాలుగు సంచులూ ఎక్కాయి. స్టీరింగు చివరికంటా తిప్పి బండిని నాలుగడుగులు తోశారు. రేకు గర్రున టైరును గీరింది. వేలికి అంటిన నల్లటి రబ్బరు పొడిని దస్తగీర్ చూపించాడు. షఫీ ఆ రిమ్ముల కేసి చివరిసారి చూసుకుని, "తీసెయ్ భాయ్" అన్నాడు.

సన్న చక్రాలు బిగించి, అదే బరువుతో కుడికీ ఎడమకూ తిప్పి తోశారు. ఎక్కడా తగల్లేదు.

"ఇగ పోవచ్చు, బేగం సాహిబా" అన్నాడు దస్తగీర్. ఆ మాట అంటుంటే అతనికే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బండి కదిలింది. దస్తగీర్ గల్లీ మలుపు దాకా వెనకే నడిచి చెవి ఒగ్గాడు. బండి సునాయాసంగా తిరిగింది, ఇంజను చప్పుడే తప్ప మరొకటి లేదు. నిన్నటి నుంచి ముద్ద దిగని మనిషి నేరుగా హోటల్లోకి పోయి, వేడి నహారీ షోర్వాతో రెండు కుల్చా రొట్టెలు తిని, మూడోది అడిగాడు.